ఉంచుకునేవి ఎన్ని

క్లబ్బులో ఎవరు ఎన్ని తుపాకీలు ఉంచుకుంటారో, ఒక్కోదానికీ కారణంతో సహా రాసివ్వాలన్న రూలు పెద్దిరాజు పెట్టించిందే. ఈ మాట సింహాచలం ఏ దేవుడి ముందైనా చెప్పగలడు. క్లబ్బు నుంచి వచ్చిన ఉత్తరం కింద సెక్రటరీ అని ఉన్న సంతకం పెద్దిరాజుది. భీమవరం దగ్గర్నుంచి పన్నెండేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగానికి సింగపూరు వచ్చి, యూ టీలో ఫ్లాటు కొనుక్కుని, ఆదివారాలు మట్టి పళ్లేలు గాల్లోకి ఎగరేయించుకుని కాల్చే సరదాకి క్లబ్బులో చేరినవాడు. వాడికి నాలుగు తుపాకీలు. నాలుగింటికీ కారణం ఉంది, పోటీలు. సింహాచలానికి మూడు. మూడింటికీ ఇప్పుడు కారణం లేదు. ఇరవై ఏళ్లు ఈ ఊరి కాకుల్ని ప్రభుత్వం తరపున కాల్చిన మనిషికి, ఇక కాల్చొద్దు, బోనులు పెట్టి పట్టుకుంటాం అన్నాక కారణం ఎక్కణ్ణుంచి వస్తుంది?

సోమవారం సాయంత్రం బూన్ లేలో తన బ్లాకు కింద హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య కూచుని అతను ఆ కాగితం మూడోసారి చదివాడు. సెకండరీ వన్‌తో, అంటే ఏడో క్లాసుతో, బడి మానేసినవాడు. ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతాడు. మురుగుకాలవల్లో దోమల మందు కొట్టే పని, గోళ్ల సందుల్లో ఆ నూనె నలుపు ఎంత కడిగినా పోదు. కాగితం అడుగున రెండు గళ్లు. మీ పేరున ఉన్న తుపాకీలు ఎన్ని: ఆ గడిలో మూడు అని క్లబ్బువాళ్లే టైపు కొట్టారు. ఉంచుకునేవి ఎన్ని: అది ఖాళీ. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల నింపాలి.

ఎదురుగా నిద్రగన్నేరు చెట్టులో ఏడెనిమిది కాకులున్నాయి. అతను వచ్చి కూచున్న దగ్గర్నుంచీ ఒక్కటీ అరవలేదు. పక్క టేబులు చీనా ముసలాయన లేచిపోతూ వదిలేసిన పళ్లెంలో అన్నం ఉంది, కోడి ఎముకలున్నాయి. ఒక్కటీ దిగలేదు. వేరేవాళ్లు కూచుంటే పళ్లెం అంచు మీదే వాలి ముక్కు పెట్టే జాతి. సింహాచలం ఉన్నచోట మాత్రం నోరు మూసుకుని చూస్తాయి. అతను తుపాకీ దించి నాలుగేళ్లయింది. అప్పటివి ఎన్ని బతికుంటాయి? పిల్లలకి చెప్పుకుంటాయి కాబోలు.

కోపి గ్లాసు సగంలో వదిలేసి ఆరో అంతస్తుకి వెళ్లాడు. హాల్లో అమ్మ అన్నపూర్ణమ్మ ఫొటో ముందు దీపం వెలుగుతోంది. చనిపోయి ఎనిమిది రోజులు. భార్య సత్యవాణి దీపంలో నూనె పోస్తూ తల తిప్పకుండానే అడిగింది.

"ఏటి రాసినావు?"

"ఏటీ రాయలేదు."

"ఎల్లుండి పదో రోజు గదా. అది అయిపోనీ. తరవాత రాద్దువులే."

సోఫాలో కాళ్లు ముడుచుకు కూచున్న కూతురు కీర్తిక ఫోను లోంచి తలెత్తింది. "నాన్నా, జస్ట్ పుట్ జీరో లా. నాలుగేళ్లు అయింది, యూ నెవర్ షూట్ ఎనీథింగ్. మంత్లీ ఫీజు కట్టి వాటికి ఆయిల్ రాసి వస్తావు. అది ఏమన్నా పెంపుడు కుక్కా?"

"కుక్కకైతే నువ్వు కూడా తిండి పెడతావు."

"సీ? జోక్ చేస్తే కూడా కోపమే."

"పిల్లని ఏటీ అనకు," అంది సత్యవాణి. "అయినా అది అన్నదాంట్లో తప్పేటుంది? ఒకటి ఉంచుకో. మావయ్యది. మిగతా రెండూ ఇచ్చీ. ఆ రాజుగారు కొంటాడని నువ్వే గదా అన్నావు."

"కొంటాడు. కొనడానికే గదా రూలు పెట్టినాడు."

అతను స్నానానికి వెళ్లాడు. వంటింటి మీదుగా పోవాలి. కిటికీ బయట సిమెంటు గట్టు ఆరేళ్లుగా ఖాళీ. వానకి పాకుడు పట్టి, ఆ పాకుడు ఎండి, నల్లగా ఉంది. అటు చూడకుండా బాత్రూము తలుపు తీయడం అతనికి చేతికి వచ్చిన పని.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి క్లబ్బుకి వెళ్లాడు. ఈ దేశంలో తుపాకీ సొంతదైనా ఇంట్లో ఉండదు. క్లబ్బు ఆయుధాల గదిలో ఇనప చువ్వల వెనక ఉంటుంది. వచ్చినప్పుడు కార్డు చూపించి, పుస్తకంలో సంతకం పెట్టి, అక్కడే చూసుకుని అక్కడే అప్పజెప్పాలి. గది కాపలా పాక్ హమీద్‌ది. అరవై ఎనిమిదేళ్ల మలయు మనిషి. నడుముకి తాళాల గుత్తి, ముక్కు చివర కళ్లద్దాలు. ఇద్దరూ మలయులోనే మాట్లాడుకుంటారు.

"మూడూ తీయనా, చలం?"

"మూడూ తియ్యి."

పాక్ హమీద్ ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద వాటిని ఒక్కొక్కటే పెట్టాడు. మొదటిది ఒంటిగొట్టం. నాన్న వెంకటరావుది. మలేషియాలో, జొహోర్ రబ్బరు తోటలో అడవిపందుల్ని కొట్టడానికి తోట దొర ఇప్పించినది. చెక్క మీద నాన్న చెమట పట్టిన చోట రంగు వేరు. రెండోది పక్కపక్కన రెండు గొట్టాలది. కాకుల పనిలో చేరిన ఏడాది ఒక యురేషియన్ ముసలాయన దగ్గర కొన్నది. ఆయన ఒకప్పుడు దాంతో బాతుల వేటకి పోయేవాడట. మూడోది ఇటలీది. గొట్టం మీద గొట్టం. కొత్తదిగా, వాయిదాల మీద, రెండేళ్లు ఓవర్‌టైము చేసి కొన్నది.

ఒక్కోదాన్నీ నడుము విరిచి, గొట్టాన్ని దీపానికెత్తి లోపలికి చూశాడు. అద్దంలా వలయాలు వలయాలుగా మెరిసింది. కడ్డీ చివర గుడ్డ పీలిక చుట్టి, నూనె చుక్క వేసి, గొట్టంలోకి తోశాడు. తోసేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆగకూడదు. ఆగితే ఆ చోట గీత పడుతుంది. కీలు దగ్గర దుమ్ముని టూత్ బ్రష్షుతో తీశాడు. చెక్కకి నూనె అరచేత్తో రాశాడు. అది గుడ్డతో రాసే పని కాదు, చేతి వేడికే లోపలికి పోతుంది. ఒకటీ, రెండూ అయ్యాయి. ఇటలీది చేతిలోకి తీసుకున్నాక నెమ్మదించాడు.

ఆ పందొమ్మిది కాకులూ దీనితోనే. ఆరేళ్ల కిందట, ఏప్రిల్లో, పొద్దున ఏడున్నరకి, తన బ్లాకు కిందే. కాకులెక్కువయ్యాయని ఎవరో ఫిర్యాదు చేశారు. లిస్టులో తన బ్లాకు నంబరు చూసినప్పుడు ఇంకెవరినైనా పంపమని అడగొచ్చు. అడగలేదు. అందరూ చూడాలనుకున్నాడు. నారింజ రంగు కోటు, చుట్టూ పోలీసు తాడు, కిటికీల్లో జనం ఫోన్లు పట్టుకుని. పై ఆఫీసరు 'మిస్టర్ చలం, ప్లీజ్' అన్నాడు. మిస్టర్ అని అతన్ని ఇంకెవరూ ఎప్పుడూ పిలవలేదు. పన్నెండోది పడ్డాక పైకి చూశాడు. ఆరో అంతస్తు కిటికీ కమ్మీల వెనక అమ్మ నిలబడి ఉంది. చేతిలో స్టీలు గిన్నె. పొద్దుటి అన్నంలో మొదటి ముద్ద కాకికి పెట్టనిదే ఆమె నోట్లో ఏమీ వేసుకునేది కాదు. ఆ గట్టు మీదికి రోజూ వచ్చేవే ఇవి. అతను తల దించి తూటాలు ఎక్కించాడు. ఇంకా ఏడు.

మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే వడ్డించింది. చేపల పులుసు. ముల్లు చూసుకో నాయనా అంది. అంతే. ఆ రోజు అన్నది అదే, తరవాత ఆరేళ్లూ అనవలసింది అనలేదు. గట్టు మీద మళ్లీ మెతుకు పడలేదు. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేవాడు. ఆసుపత్రిలో చివరి రోజు కూడా ఆమె పెదాలు కదిలితే వంగి చెవి పెట్టాడు. నీళ్లు అడిగింది.

"గుడ్డ మార్చు, నల్లబడింది," అన్నాడు పాక్ హమీద్.

అప్పుడే తలుపు దగ్గర పెద్దిరాజు కనపడ్డాడు. ఆఫీసు బట్టలు, భుజాన తోలు సంచి. కొంచెం దూరంలోనే ఆగి రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం అన్నగారూ. పెద్దమ్మగారి సంగతి తెలిసిందండి. చాలా బాధనిపించింది."

"మీరు ఎప్పుడన్నా చూసినారేటి మా అమ్మని?"

పెద్దిరాజు సంచి భుజం మార్చుకున్నాడు. "ఎల్లుండే కదండీ పదో రోజు?"

"రేపు. లెక్కలు మీకు బాగా వచ్చు గదా రాజుగారూ, బ్యాంకు గదా."

"ఆయ్, పొరపాటే." బల్ల మీదికి చూశాడు. "ఫారం ఇచ్చేశారాండి?"

"ఎందుకంత తొందర? మీ నాలుగు పక్కన నాది అయిదోది పెట్టడానికి జాగా చూసుకున్నారా?"

"అలాగనకండి. ఇటలీది మీరు వదిలేద్దామనుకుంటే మాత్రం కోత యంత్రానికి పంపకండి. అలాంటి సరుకు మళ్లీ దొరకదు. ధర మీరే చెప్పండి, నేను బేరమాడను."

"బేరం ముందే ఆడినారు. ఉత్తరం మీద సంతకం పెట్టి."

పెద్దిరాజు పాక్ హమీద్ వైపు చూశాడు. తెలుగు రాకపోయినా పాక్ హమీద్ కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాడు. పెద్దిరాజు వెళ్లిపోయాక సింహాచలం ఇటలీదాని గొట్టంలో కడ్డీ ఇంకోసారి తోశాడు. మధ్యలో చెయ్యి ఆగింది.

బుధవారం పొద్దున తూర్పు తీరానికి వెళ్లారు. ఇసకలో ఒక వారగా, సముద్రం పక్కకి, పురోహితుడు భరద్వాజ్ శర్మ అరిటాకు పరిచి అన్నీ సర్దాడు. కుర్రాడే, రాజమండ్రి నుంచి గుడికి వచ్చి మూడేళ్లు. పదింటికి ఇంకో చోటికి పోవాలి. వెనక పార్కులో పక్షులకి తిండి పెడితే జరిమానా అని బోర్డు ఉంది, దాని మీద పావురం బొమ్మ, బొమ్మకి అడ్డంగా ఎర్ర గీత.

"పిండం పెట్టి ఓ పది నిమిషాలు చూద్దామండి. పార్కు వాళ్లు ఇటువైపు తొమ్మిదిన్నరకి వస్తారు. ఈలోగా కాకి ముట్టేస్తే సరి."

వచ్చినవాళ్లు తక్కువ. సింహాచలం, సత్యవాణి, కీర్తిక, టోవా పాయో నుంచి టాక్సీలో వచ్చిన పిన్ని చాముండేశ్వరి. ఎనభై దగ్గరపడిన మనిషి, అక్క కంటే ఆరేళ్లు చిన్న. మడత కుర్చీలో కూచుని చేతికర్ర ఇసకలో గుచ్చుకుంది.

సింహాచలం పిండం పెట్టి దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చాడు. సరుగుడు చెట్ల మీద కాకులున్నాయి. చాలానే ఉన్నాయి. అరవలేదు. ముప్ఫై అడుగుల అవతల ఇంకెవరో తమిళులు ఇలాంటి ఆకే పెట్టి ఇటు తిరిగారో లేదో మూడు దిగాయి, కొట్టుకున్నాయి, ఆకు చించేశాయి. అక్కడివాళ్లు చేతులెత్తి మొక్కి చెప్పులు తొడుక్కున్నారు.

అయిదు నిమిషాలు గడిచాయి.

"ఆవిడకేదో కోరిక ఉండిపోయిందండి," అన్నాడు భరద్వాజ్ శర్మ గడియారం చూసుకుంటూ. "ఎవరెవరు ఏం తీర్చగలరో పైకి చెప్పండి. వింటారు."

సత్యవాణి ముందుకెళ్లింది. "అత్తా, పిన్నిని మనింటికి తెచ్చుకుంటాను. ఒంటరిగా వదలను. నీ దుప్పటీ ఎవరికీ ఇవ్వను."

కాకి రాలేదు. కీర్తిక అటూ ఇటూ చూసింది. "నాయనమ్మా, ఐ విల్ లెర్న్ టు రీడ్ తెలుగు. ప్రామిస్. నీ దేవుడి బుక్ నేనే చదువుతా." అని కళ్లు తుడుచుకుంది.

రాలేదు. చాముండేశ్వరి కర్రతో ఇసకని కొట్టింది. "మేమెందుకే మధ్యన. దాని పేణమంతా ఈడి మీద. సెప్పరా సింహాచలం. దాని మనసులో ఏటుందో నీకు తెల్దా?"

తెలుసు. పది రోజులుగా కాదు, ఆరేళ్లుగా తెలుసు. ముందుకి నడిచాడు. చెప్పులు లేని కాళ్ల కింద ఇసక చల్లగా ఉంది. అక్కడున్న అందరికీ వినపడేలా అనాలి.

"అమ్మా. ఒకటి ఇచ్చేస్తానమ్మా."

అంటూనే ఏది అని లోపల తేల్చుకున్నాడు. బాతులది. పాతబడింది, కీలు కూడా వదులు. పైన ఒక కాకి కొమ్మ మారి కిందికొచ్చింది.

"వస్తంది," అంది సత్యవాణి మెల్లిగా.

రాలేదు. అది కొమ్మ మీదే ఉండి తల ఒక పక్కకి వంచి అతన్నే చూసింది. సింహాచలం పిడికిళ్లు బిగించాడు. ఇటలీది. రెండేళ్ల ఓవర్‌టైము, మిస్టర్ అన్న పిలుపు.

"రెండు."

కాకి దిగింది. గడ్డి అంచున వాలి, పక్కవాటంగా నాలుగు అడుగులు వేసి, ఆకుకి రెండు బారల దూరంలో ఆగిపోయింది. ముక్కు కొంచెం తెరిచి ఉంది. చాముండేశ్వరి కర్ర ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుంది. అందరి చూపూ అతని వీపు మీద ఉందని సింహాచలానికి తెలుస్తోంది. మూడు అనే మాట అనడానికి పెదాలు తెరిచాడు. నాన్న చెమట రంగు, నాన్న భుజం ఆన్చుకున్న చోటి నున్నదనం. ఆ ఒక్కటీ కాకి మీద ఎప్పుడూ ఎత్తలేదు. దానికేం పాపం? పంది తప్ప దానికి ఏం తెలుసు? అతను పెదాలు మూసుకున్నాడు.

కాకి ఎగిరి చెట్టు మీదికి పోయింది.

"టైము అయిపోతోందండి. నీళ్లలో కలిపేద్దాం. తప్పేం లేదు," అన్నాడు భరద్వాజ్ శర్మ.

"ఒక్క నిమిషం పంతులుగారూ."

పెద్దిరాజు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. ఆఫీసు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి ఉన్నాడు. సింహాచలం కాదనేలోపే బూట్లు కింద పెట్టి, ఆకు దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూచుని, పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"పెద్దమ్మగారూ, శనివారాలు నేను చూసుకుంటానండి. బెంగపెట్టుకోకండి."

లేచి నాలుగు అడుగులు వెనక్కి వేశాడో లేదో మొదటిది దిగింది. దాని వెనక ఇంకోటి. పిండాన్ని ముక్కుతో రెండు చేసి, ఒకటి అక్కడే తింది, రెండోది సగం పట్టుకుని ఎగిరిపోయింది. సత్యవాణి చెంపలు వేసుకుంది. చాముండేశ్వరి ఏడ్చింది. భరద్వాజ్ శర్మ సామాను సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. సింహాచలం ఒక్కడే దణ్ణం పెట్టలేదు.

స్నానం చేసి వచ్చి, తడి పంచెతోనే, కారు పార్కింగులో పెద్దిరాజుని పట్టుకున్నాడు.

"శనివారాలు ఏటి?"

పెద్దిరాజు పాదాలకంటిన ఇసక దులుపుకుంటున్నాడు. "బతికుండగా చెప్పొద్దని మాట తీసుకున్నారండి."

"ఇప్పుడు లేదు గదా."

"మా బ్లాకు వెనకాల కాలవ గట్టుందండి. మూడేళ్ల కిందట ఓ శనివారం చూస్తే, చీర కట్టుకున్న ముసలావిడ టిఫిను డబ్బాలోంచి కాకులకి అన్నం వేస్తున్నారు. తెలుగులో మాట్లాడుతున్నారండి వాటితో. పార్కు ఆఫీసరొస్తే జరిమానా అండి అని చెప్దామని పోయాను. 'అయితే నువ్వు అటు సూస్తా ఉండు బాబూ' అన్నారు. అప్పట్నుంచీ శనివారం శనివారం ఆ చివర నించుని కాపలా కాసేవాణ్ణి."

యూ టీలో భజన అని చెప్పి వెళ్లేది. సత్యవాణి డబ్బాలో ప్రసాదానికని పులిహోర కూడా పెట్టి పంపేది.

"అంత దూరం ఎందుకు? బస్సెక్కి?"

"మీ బ్లాకు దగ్గర వేస్తే కాకులు పెరుగుతాయి, కంప్లయింటొస్తది, మళ్లీ మా వాణ్ణే పంపిస్తారు అన్నారండి. కాల్పులు ఆపేశారండీ అని నేను చెప్పాను. నమ్మలేదు. మళ్లీ మొదలెడితేనో అన్నారు."

సింహాచలం పంచె చెంగు పిండాడు. నీళ్లు కారలేదు. అయినా పిండుతూ ఉన్నాడు. "తుపాకీలు మానీమని నన్ను అడగొచ్చు గదా."

పెద్దిరాజు కారు తలుపు తీసి, మళ్లీ మూశాడు. "నేనూ అదే అన్నానండి. అబ్బాయిగారినే అడగొచ్చుగా అని. నవ్వారు."

"నవ్వి?"

"పోనివ్వండి అన్నగారూ."

"నవ్వి ఏటన్నాదో సెప్పండి."

"'ఆడు అడిగితే ఇచ్చే మనిషి కాదు బాబూ. అడిగి లేదనిపించుకోడం దేనికి' అన్నారు."

గురువారం అతను పనికి పోయాడు. బూన్ లే కాలవల వెంట డబ్బా వీపున వేసుకుని మందు కొట్టాడు. పన్నెండు బ్లాకులు తిరిగాడు. మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పి, తినకుండా మడిచి చెత్తబుట్టలో వేశాడు. ఒక చోట కాలవ గట్టు మీద కూచుని, అమ్మ టిఫిను డబ్బా మూత తీయడానికి ఎంత కష్టపడేదో లెక్కేసుకున్నాడు. వేళ్ల కీళ్ల నొప్పి. ఇంట్లో ఎప్పుడూ తనే తీసిచ్చేవాడు. అక్కడ ఎవరు తీసేవారు? పెద్దిరాజే అయ్యుంటాడు. ఆ ఆలోచన మిగతా అన్నిటికంటే ఎక్కువసేపు ఉంది.

రెండు తుపాకీలు ఇస్తానన్నాడు, అందరి ముందూ. ఆమె వాటి కోసం రానేలేదు. ఆరేళ్లు తన మీద కోపంతో బతికిందనుకున్నాడు. కోపం కాదు. అతన్ని వదిలేసి, తన కాకుల్ని వెతుక్కుంటూ బస్సెక్కి యూ టీ దాకా పోయింది. ఒకటా రెండా మూడా అని ఆమె ఎప్పుడూ లెక్క పెట్టలేదు.

శుక్రవారం మూడింటికి క్లబ్బుకి చేరాడు. ఆయుధాల గది వెనక రేకుల షెడ్డులో కోత యంత్రం ఉంది. పోలీసు శాఖ నుంచి వచ్చిన చీనా సార్జెంటు కుర్చీలో కూచుని ఫోను చూసుకుంటోంది. ఇచ్చేసిన తుపాకీలు ఆమె ఎదటే కోయాలి. అప్పటికి నాలుగు కోశారు, ముక్కలు ప్లాస్టిక్ బుట్టలో ఉన్నాయి.

పాక్ హమీద్ ఒక కవరు బల్ల మీద పెట్టాడు. "రాజు పొద్దునే వచ్చి ఇచ్చిపోయాడు. బదిలీ కాగితం. నువ్వు సంతకం పెడితే ఇటలీది వాడి పేరుకి పోతుంది. చెక్కు కూడా లోపలే ఉంది."

సింహాచలం కవరు విప్పి చెక్కు చూశాడు. ఊహించినదానికంటే ఎక్కువే. మళ్లీ కవర్లో పెట్టాడు.

"నువ్వు వాణ్ణి ఊరికే తిడతావు, చలం. కమిటీలో మిగతావాళ్లు కాకుల తుపాకీలన్నీ ఒక్కసారే తీసేయమన్నారు. గడి గిడి ఏమీ లేదు. వాళ్లు ఎన్ని ఉంచుకుంటారో వాళ్లనే అడుగుదాం అని రెండు మీటింగులు కొట్లాడింది వాడు. కారణాల్లో తండ్రి జ్ఞాపకం అని ఇంకో లైను పెట్టించిందీ వాడే. చూడు, ఇక్కడ. నీ కోసమే అనుకుంటా. గొట్టానికి బిరడా వేస్తే మీ నాన్నది ఉంచుకోవచ్చు."

ఫారం వెనక వైపు వేలు పెట్టి చదివాడు. ఉంది. ముందు ఆ లైను చూడలేదు. కాగితం వెనక్కి తిప్పనేలేదు.

పెన్ను తీసుకుని గడిలో ఒకటి అని వేశాడు. కారణం అని ఉన్నచోట తండ్రి అని ఇంగ్లీషులో రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. పాక్ హమీద్ తల ఊపి ముద్ర తీశాడు. సింహాచలం కాగితం ఇవ్వలేదు. ఒంటిగొట్టాన్ని చేతిలోకి తీసుకుని, చెక్క మీద రంగు మారిన చోట చెయ్యి పెట్టి కొంచెంసేపు ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ చూడటం లేదు. ఆకు లేదు, పిన్ని కర్ర లేదు. ఉంచుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఇచ్చేస్తే వినేవాళ్లూ ఎవరూ లేరు.

ఒకటిని కొట్టేసి పక్కన సున్నా చుట్టాడు. కొట్టేసినచోట సంతకం పెట్టమని పాక్ హమీద్ అనకముందే పెట్టాడు.

"మూడూనా?"

"మూడూ."

"రాజు కవరో?"

"వాడికిచ్చేయ్. ఇటలీదీ కోసేయ్. ఎవరికీ అమ్మను."

"ఎవరు అడిగారు నిన్ను మూడూ ఇమ్మని?"

"ఎవరూ అడగలేదు."

పాక్ హమీద్ తాళాలు తీశాడు. షెడ్డులో సార్జెంటు నంబర్లు గట్టిగా చదివి కాగితం మీద టిక్కు పెట్టింది. పనివాడు కళ్లకి అద్దాలు పెట్టుకున్నాడు. మొదట బాతులది. తరవాత ఇటలీది. ఉక్కు గట్టిది, రవ్వలు చాలాసేపు రాలాయి, మధ్యలో ఒకసారి పళ్ల చక్రం మార్చాల్సొచ్చింది. నాన్నది తీసుకున్నప్పుడు పనివాడు చెక్క విడదీయబోయాడు.

"చెక్కతోనే," అన్నాడు సింహాచలం.

కాలిన చెక్క వాసన వచ్చింది. రబ్బరు తోటలో పొద్దుటి పొయ్యి వాసన లాంటిది. మూడు చోట్ల కోశారు. ముక్కలు బుట్టలో పడ్డాయి. సార్జెంటు 'థాంక్యూ అంకుల్' అని కాగితం నకలు ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి సత్యవాణి వంటింట్లో వంకాయలు తరుగుతోంది. కాగితం బల్ల మీద పెట్టాడు. ఆమె చేతులు చీరకి తుడుచుకుని, సున్నా చూసి, ముక్కు మీద వేలేసుకోలేదు, అరవలేదు. పీట మీద కూచుంది.

"రాజుగారికి అమ్మలేదా?"

"లేదు."

"ఎంతిస్తానన్నాడు?"

"ఆరువేల రెండొందలు. చెక్కు రాసి పెట్టినాడు."

"కోసినందుకు వాళ్లేటన్నా ఇచ్చినారా?"

"మనమే కట్టాలి. ఒక్కోదానికి నలభై."

ఆమె కత్తిపీట మీద ఆగిన సగం వంకాయని చూస్తూ పెదాలు కదిపింది. లెక్క ఆమెకి కుదరకముందే అతను చెప్పాడు.

"ఆరువేల మూడొందల ఇరవై డాలర్లు."